పన్నెండు పదాలు అడిగే ‘సపోర్ట్’ ఎక్కడా లేదు

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది: "మెటామాస్క్, ట్రస్ట్ వాలెట్‌లో బ్యాలెన్స్ కనిపించకపోతే 24 గంటల్లో సింక్ చేయించుకోవాలి, లేదంటే డబ్బు పోతుంది. ఒడిశాలోని తెలుగువాళ్లకు హైదరాబాద్ సపోర్ట్ నంబరు ఇది. వెరిఫికేషన్‌కు 12 పదాలు దగ్గర పెట్టుకోండి. పోయిన కాయిన్లూ వెనక్కి తెప్పిస్తారు."

మెటామాస్క్, ట్రస్ట్ వాలెట్ అనేవి క్రిప్టో కాయిన్లు వాడుకునే వాలెట్ యాప్‌లు. ముందు సింక్ సంగతి. కాయిన్లు ఫోన్‌లో ఉండవు, బ్లాక్‌చెయిన్‌లో (అందరూ చూడగలిగే ఆన్‌లైన్ ఖాతా పుస్తకంలో) ఉంటాయి. యాప్ వాటిని చదివి చూపిస్తుందంతే. సున్నా కనిపిస్తే మీ వాలెట్ అడ్రస్ కాపీ చేసి, ఆ పుస్తకాన్ని చూపించే వెబ్‌సైట్‌లో వెతకండి: ఈథీరియం నెట్‌వర్క్ అయితే ఈథర్‌స్కాన్‌లో, ట్రాన్ నెట్‌వర్క్ అయితే ట్రాన్‌స్కాన్‌లో. అక్కడ ఉంటే సొమ్ము భద్రమే. యాప్‌లో నెట్‌వర్క్ వేరేది ఎంచుకుని ఉంటారు, లేదా ఆ టోకెన్‌ను (కాయిన్‌ను) యాప్ జాబితాలో చేర్చి (ఇంపోర్ట్ చేసి) ఉండరు.

హైదరాబాద్ నంబరు? ఆ రెండు వాలెట్లకూ ఫోన్ సపోర్టే లేదు.

అసలు విషం "వెరిఫికేషన్" మాటలో ఉంది. వాలెట్ తెరిచినప్పుడు 2048 పదాల జాబితాలోంచి యాప్ ఇచ్చిన ఆ 12 పదాల నుంచే మీ ప్రైవేట్ కీలన్నీ (కాయిన్లను కదిలించే రహస్య తాళంచెవులు) పుడతాయి. పాస్‌వర్డ్, వేలిముద్ర ఆ ఒక్క ఫోన్‌లోని యాప్‌కే తాళం. పదాలు తెలిసినవాడికి మీ ఫోన్‌తో పనే లేదు. కంపెనీ దగ్గర వాటి నకలు ఉండదు, ఇక దేనితో సరిపోల్చుతారు? వాళ్లు పంపే లింకులో 12 గడులు, కింద ఒక బటన్. నొక్కగానే "ఎర్రర్, వేరే వాలెట్‌తో ప్రయత్నించండి" అని వస్తుంది. పదాలు అప్పటికే అవతలికి చేరిపోయాయి. ఆ ఎర్రర్ మీ రెండో వాలెట్ కోసం!

ఇప్పటికే ఇచ్చేసి ఉంటే పాస్‌వర్డ్ మార్చినా, యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా లాభం లేదు. అదే వాలెట్‌లో ఇంకో అకౌంట్ తెరిచినా అంతే, అదీ ఆ పదాల నుంచే పుడుతుంది. వేరే ఫోన్‌లో కొత్త వాలెట్ సృష్టించి, కొత్త పదాలు కాగితం మీద రాసుకుని (స్క్రీన్‌షాట్ వద్దు), విలువ ఎక్కువున్నవి ముందు పంపించండి. ఖాళీ అయిన పాత వాలెట్‌కు ఫీజు కోసం కాయిన్లు వేయకండి, కాపు కాసిన బాట్ (దొంగల ఆటోమేటిక్ ప్రోగ్రామ్) సెకన్లలో ఊడ్చేస్తుంది. అప్రూవల్స్ (మీ కాయిన్లు తీసుకునేందుకు ఇతరులకు ఇచ్చిన అనుమతులు) రివోక్, అంటే రద్దు, చేయమని కొందరు చెబుతారు. మీరు తెలియక అలాంటి అనుమతికి యాప్‌లో ఓకే కొట్టినప్పుడు అది పనికొస్తుంది, పదాలు పోయినప్పుడు కాదు.

"వెనక్కి తెప్పిస్తాం" అన్నది రెండో మోసం, ముందు ఫీజు గుంజుతారు. జరిగిన లావాదేవీని ఎవరూ తిప్పలేరు. దొంగ ఆ కాయిన్లను ఏదైనా ఎక్స్ఛేంజీకి (కాయిన్లు కొని అమ్మే కంపెనీకి) పంపితే, పోలీసులు అడిగినప్పుడు అక్కడ ఆపే వీలుంది. అందుకే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. "హైదరాబాద్ నంబరు కదా, అక్కడికి పొండి" అని ఠాణాలో అంటే జీరో ఎఫ్ఐఆర్ (ఏ ఠాణాలోనైనా నమోదు చేసే ఫిర్యాదు) అడగండి: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి. వెంట ట్రాన్సాక్షన్ హ్యాష్ (లావాదేవీ గుర్తింపు కోడ్), మీదీ దొంగదీ రెండు వాలెట్ అడ్రస్‌లు, సమయం, ఆ ఫోన్ నంబరు, చాట్ ఉండాలి. చాట్ డిలీట్ చేయకండి.