సారును అనుకరించే పిల్లాడిని ఆపకండి

సెప్టెంబరు 5 వచ్చిందంటే మన బడుల్లో పదో తరగతి పిల్లలు పంచెలు, చీరలు కట్టుకుని సార్లు, మేడమ్‌లు అయిపోతారు. ఒకరు హెడ్మాస్టర్, ఒకరు ఎంఈఓ, ఇంకొకరు కలెక్టర్. బ్యానర్ మీద స్వపరిపాలన దినోత్సవం అని రాసినా అందరూ అనేది సెల్ఫ్ గవర్నమెంట్ డే అనే. సాయంత్రం సభలో ప్రసంగాలు, బహుమతులు మామూలే. అసలు సంగతి తరగతి గదిలో జరుగుతుంది. లెక్కల సారుగా వచ్చిన కుర్రాడు సుద్దముక్కను రెండుగా విరిచి, ఒక ముక్క జేబులో వేసుకుని, బోర్డు వైపు తిరిగి రాస్తూనే "వెనక బెంచీలో నవ్వింది ఎవర్రా?" అంటాడు. గది గదంతా పగలబడి నవ్వుతుంది. గుమ్మంలో నిలబడి చూస్తున్న ముఖ్య అతిథికి మాత్రం ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాదు.

ఆయనకు అర్థం కాకపోవడంలోనే గుట్టంతా ఉంది. సుద్దముక్క విరిస్తే నవ్వు ఎందుకు రావాలి? ఆ సారును ఐదేళ్లు రోజూ చూసిన కళ్లకే అది జోకు. చూసి చూసి పట్టించుకోవడం మానేసిన ఒక అలవాటును పక్కవాడు పట్టి చూపించేసరికి, 'అరే, నిజమే కదా' అనిపించి నవ్వు తన్నుకొస్తుంది. ఆ కుర్రాడు కొత్తగా ఏదీ కల్పించలేదు. బాగా చూశాడు, అంతే.

దీనికి పక్కన మన సినిమాల్లో లెక్చరర్‌ను పెట్టి చూడండి. దశాబ్దాలుగా అదే వెర్రిబాగుల మనిషి, అదే కళ్లజోడు, అమ్మాయిల ముందు అదే సొల్లు. రాసినవాళ్లకు నిజం లెక్చరర్ ఎవరూ తెలియరు, పాత సినిమాలో లెక్చరర్ తెలుసు. తెలంగాణ యాసను చాన్నాళ్లు రౌడీలకూ కమెడియన్లకూ అప్పజెప్పడం కూడా ఇలాంటిదే. ఆ యాసలో తల్లి బిడ్డను ఎలా లాలిస్తుందో వినని చెవులు రాసిన హాస్యం అది. పరిచయం లేని చోట వ్యంగ్యం వెక్కిరింతకు దిగుతుంది.

బడి వ్యంగ్యానికి ఇంకో బలం ఉంది. దాన్ని మన విద్యాశాఖ అస్సలు గుర్తించలేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కాగితాల మీద ఏ బడిలోనూ బెత్తం లేదు. మరి ఆ రోజు సారు వేషం వేసిన పిల్లాడి చేతిలో ఏముందో చూడండి. గదిలోకి వస్తూనే బల్ల మీద బెత్తంతో కొట్టి, మొదటి నిమిషంలోనే "గోడకుర్చీ వెయ్" అన్నాడంటే, అది వాడికి ఎక్కడినుంచి వచ్చింది? తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే ఏ పిల్లాడూ నోరు విప్పడు. వేషంలో ఉంటే చెప్పేస్తాడు. పైగా గది మొత్తం నవ్వి అవునంటుంది. ఒక్కడు చెబితే అబద్ధమని కొట్టిపారేయొచ్చు, నలభై మంది ఒక్కసారి నవ్వితే ఏమంటారు? హెడ్మాస్టర్లు ఈ ప్రదర్శనలను కళ్లప్పగించి చూడాలని నేను గట్టిగా చెప్పేది అందుకే. ఇంత నిజాయతీగల నివేదిక వాళ్లకు ఏడాది మొత్తంలో మరొకటి అందదు.

గురువును అనుకరించి నవ్వడం తప్పు, ఆచార్య దేవో భవ అన్న నేల ఇది అంటారు కొందరు. సారు నత్తినీ, కుంటునడకనూ, రంగునూ, కులాన్నీ పట్టుకుని నవ్వితే అక్కడికక్కడే ఆపాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ సారు పాఠం చెప్పే తీరు పిల్లల జీవితంలో భాగం. దాని గురించి మాట్లాడే హక్కు వాళ్లకు కాక ఎవరికి ఉంటుంది? పైగా గౌరవం లేని మనిషిని అంత శ్రద్ధగా ఎవరూ గమనించరు.

నా అసలు దిగులు వేరే ఉంది. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో కార్పొరేట్ హాస్టళ్లకు వెళ్లిపోతున్న పిల్లల సంగతేమిటి? వారం వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్పు. ఈ నెల పక్కన కూర్చున్నవాడు వచ్చే నెల ఇంకో గదిలో ఉంటాడు. లెక్చరర్ ఇవాళ ఈ క్యాంపస్, రేపు మరో క్యాంపస్. తెల్లారకముందు మొదలై రాత్రి దాకా స్టడీ అవర్లు. ఎవరికి ఎవరు తెలుస్తారని జోకు పుడుతుంది? ఆ పిల్లలందరికీ ఉమ్మడిగా తెలిసిన జోకు ఒక్కటే: టీవీలో ఊపిరి ఆడకుండా "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అని అరిచే ర్యాంకుల ప్రకటన. ఏ తెలుగు పిల్లాడు ఆ గొంతు అనుకరించినా చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఒక తరం పిల్లలు కలిసి నవ్వుకోవడానికి మనం మిగిల్చింది ఒక వ్యాపార ప్రకటనా? ర్యాంకుల కోసం వాళ్లనుంచి లాక్కున్న వాటిలో నిద్రనూ ఆటనూ లెక్కేస్తున్నాం, ఒకరినొకరు తెలుసుకునే తీరికను ఎవరూ లెక్కేయడం లేదు. విద్యాశాఖ, ఇంటర్ బోర్డులు ఆ బడులను, కాలేజీలను కూడా ఏడాదికి ఒక్కరోజు పిల్లల చేతికి ఇమ్మని ఆదేశించాలి.

ఇక బడుల్లోని సార్లు, మేడమ్‌లకు ఒక విన్నపం. ఈసారి పిల్లలు ఏం చేయబోతున్నారో ముందే చూపించమనకండి. వెళ్లి వెనక బెంచీల్లో కూర్చోండి. తెలుగు మేడమ్‌గా వచ్చిన అమ్మాయి పుస్తకం తెరవకుండా, ముందు వరుసలో నీరసంగా ఉన్న పిల్ల దగ్గర ఆగి "పొద్దున ఏమైనా తిన్నావా?" అని అడుగుతుంది. గది నవ్వుతుంది, ఈసారి కాస్త మెల్లగా. తాను రోజూ ఆ మాట అడుగుతున్నానని వెనక బెంచీలో ఉన్న మేడమ్‌కు అప్పటిదాకా తెలిసి ఉండదు.