ద్రవ నైట్రోజన్ గారికి, అనంతపురం నుంచి

అయ్యా,

ఈరోజు మధ్యాహ్నం తమరి క్యాను మూత తీసి కర్ర దించాను. మంచు గీత ఎందాకా పడితే అందాకా తమరున్నట్టు లెక్క. కర్ర పొడిగా పైకొచ్చింది.

శుక్రవారమే బెంగళూరు నుంచి దిగారట. స్టోర్సులో సంతకం పెట్టాల్సినాయన సెలవు. సంతకం లేనిదే సరుకు లోపలికి పోదు గనక వరండాలో కూర్చోబెట్టారు. మే నెల వరండా! మైనస్ 196 డిగ్రీలకే మరిగే తమరికి మా ఎండ ఎలా ఉండుంటుందో ఊహించగలను. మూత బిగిద్దామంటే క్యాను పేలుతుంది. పైగా పాత క్యాను, గోడల మధ్య వాక్యూమ్ ఎప్పుడో పోయింది. ఒళ్లంతా మంచు పట్టి నీళ్లు కారుతుంటే, చిల్లు పడిందనుకుని వాచ్‌మన్ కింద బకెట్ పెట్టాడు.

నేనడిగింది పెద్దదేం కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ పట్టడానికి వేరుశనగ పొట్టు కాల్చి బొగ్గు చేశాను. దాని ఉపరితల వైశాల్యమెంతో చెప్పమంటున్నారు జర్నల్ వాళ్లు. బ్రూనౌర్, ఎమ్మెట్, టెల్లర్ 1938లోనే దారి చూపించారు; వాళ్ల పేర్ల మొదటి ఇంగ్లిషు అక్షరాలతో ఆ పద్ధతిని బీఈటీ అంటారు. బొగ్గున్న గొట్టాన్ని తమరి చలిలో ముంచి, లోపలికి నైట్రోజన్ వాయువును కొద్దికొద్దిగా వదలాలి. ఒక్కో అణువుకు 0.162 చదరపు నానోమీటర్ల చోటు. ఒక్క పొర పరుచుకోవడానికి ఎన్ని పట్టాయో తేలితే చాలు, వైశాల్యం వచ్చేస్తుంది. అంత పద్ధతీ ఒక్క సంతకం దగ్గర ఆగింది.

గాలిలో నూటికి 78 పాళ్లు తమరే. నా ముక్కులోనూ ఉన్నారు. మా వేరుశనగ వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా ఏ టెండరూ లేకుండా తమర్ని పట్టి ఎరువు చేస్తుంది. ఆ చెట్టు కాయల పొట్టు చేతిలో పెట్టుకుని నేనేమో తమరు కావాలని స్టోర్సుకు ఇండెంట్ మీద ఇండెంట్ రాస్తున్నా.

ఊళ్లో తమరు లేరనీ కాదు. పశువుల ఆసుపత్రికి వేళ తప్పరు. ఎద్దు వీర్యం స్ట్రాలు తమరిలోనే మునిగుంటాయి కదా. ఫ్లాస్కు పట్టుకుని పోతే, "మీకిస్తే మా ఎద్దుల గతేం కావాల సార్?" అన్నాడు అక్కడాయన. న్యాయమే. వాళ్లకు దూడ పుడుతుంది, నాకు పుట్టేది ఓ గ్రాఫు.

ఈ వైశాల్యం కొలిచే యంత్రానికి డబ్బులొచ్చాయి. రిబ్బనుకు, బొకేలకు, శాలువాలకు ఉన్నాయి. తమరికి మాత్రం 'ఆ బడ్జెట్ హెడ్ కింద లేవు'. తమరు లేకుంటే అది లక్షలు పోసి కొన్న బీరువా. కరెంటు, యూపీఎస్ బ్యాటరీలు, ఫెలోషిప్పు... అవి వేరే ఉత్తరాలు. "ఏమప్పా, ఆ బీఈటీ ఏమైంది?" అంటారు గైడు గారు ఎదురుపడినప్పుడల్లా. ఆవిరైంది సార్! అంత పెద్ద బిల్డింగులో ఇంకో మనిషి లేడా ఆ గీత గీకడానికి? నీకైనా ఉండొద్దా, మూడు రోజులు ఓర్చుకుందామని?

మళ్లీ ఇండెంట్ పెట్టాను. ఈసారీ ఇట్లాగే చేశావంటే బొగ్గుపొడి స్ట్రాలో దట్టించి, మీద ఏదో ఒక ఎద్దు నంబరు రాసి, ఆ ఆసుపత్రి క్యానులోనే ముంచి వస్తా.

ఇట్లు,
ఒక రీసెర్చ్ స్కాలర్