నెల్లూరులో ఫినాయిల్ కొలిచేవాళ్లు కావాలి

నెల్లూరు పొగతోటలో ఆస్పత్రులు నడిపేవాళ్లలో చాలామందికి ఫినాయిల్, బ్లీచింగ్, యాసిడ్ కింద నెలకు ఎంత పోతోందో తెలుసు. బిల్లులు వాళ్ల చేతి మీదుగానే వెళ్తాయి. బకెట్ నీళ్లలో ఎంత ఫినాయిల్ పోస్తున్నారని అడిగితే మాత్రం సూపర్‌వైజర్‌ని పిలుస్తారు. సూపర్‌వైజర్ ఆయమ్మను పిలుస్తాడు. ఆమె డబ్బా వంచినట్టు చెయ్యి తిప్పి "ఇంత పోస్తా సార్" అంటుంది. ఆ 'ఇంత' ఎంతో కొలిచి, ఎక్కువో తక్కువో తేల్చి, ఎంత ఉండాలో కాగితం మీద పెట్టగల మనిషి మన దగ్గర దొరకడం కష్టం. శుభ్రత రంగంలో కన్సల్టెంట్ అనే మాటకు నా దృష్టిలో అర్థం అదే.

పదిహేనేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఆస్పత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా మొదలై, కొన్నాళ్లు హోటళ్లలో చేసి, ఇప్పుడు నెల్లూరు, కావలి, ఒంగోలుల్లో భవనాలకు సలహా ఇస్తున్నాను. మొన్న కావలి నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఒక నర్సింగ్ హోమ్‌లో తొమ్మిదేళ్లుగా సూపర్‌వైజర్. "పదో తరగతి దాకానే చదివినానన్నా. మీ మాదిరి నేను చెయ్యొచ్చా?" అని అడిగింది. అదే వారంలో ఎంబీఏ చదివిన కుర్రాడొకడు కూడా వచ్చాడు, ఏ సర్టిఫికెట్ తీసుకుంటే ఈ రంగంలో నిలబడొచ్చని. ఇద్దరిలో ఈ వృత్తికి దగ్గరగా ఉన్నది ఆమే అని నా నమ్మకం. కుర్రాడు తెలివైనవాడే. కానీ తడి మాప్ ఎంత బరువుంటుందో అతనికి తెలియదు.

శుభ్రం చేయడమంటే నాలుగింటి కూడిక అని హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ రసాయన ఇంజనీరు 1959లో ఒక వలయం గీసి చూపించాడు. మందు (అంటే శుభ్రం చేసే రసాయనం), రుద్దుడు, వేడి, సమయం. వీటిలో ఒకటి తగ్గితే మిగతావాటిలో ఏదో ఒకటి పెరగాలి. ఇది చదివిన రోజు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. అడుగంటిన గిన్నెను నీళ్లు పోసి రాత్రంతా వదిలేసేది. సమయం పెంచితే రుద్దుడు తగ్గుతుంది. జిడ్డు గిన్నెకు బూడిద వాడేది, చిలుమెక్కిన ఇత్తడి చెంబుకు చింతపండు. బూడిద క్షారం కనుక జిడ్డును విడదీస్తుంది. చింతపండు ఆమ్లం కనుక లోహం మీది చిలుమును కరిగిస్తుంది. చేపల పులుసు వండిన ఇంట్లో నీచు వాసనకు కారణమయ్యే అమీన్లు అనే పదార్థాలు క్షార గుణమున్నవి, అందుకే పులుపు తగలగానే ఆ వాసన అణుగుతుంది. ఇంత రసాయన శాస్త్రం వంటింట్లో ఉంచుకుని, పెద్ద భవనంలోకి అడుగుపెట్టగానే అన్నిటికీ ఒకటే మందు అంటాం. హోటల్ వంటగదిలో చిమ్నీ జిడ్డు మీద యాసిడ్ పోసేవాళ్లను చూశాను. బోరు నీళ్ల వల్ల కొళాయిల మీద పేరుకున్న తెల్లటి పొరను సబ్బు నీళ్లతో గంటల తరబడి రుద్దేవాళ్లనూ చూశాను. ఆ పొర సున్నపు జాతిది, పలచటి ఆమ్లానికి లొంగుతుంది. సబ్బుకు లొంగదు సరికదా, గట్టి నీళ్లలో సబ్బే విరిగి ఇంకో పొర కడుతుంది.

ఒంగోలు వైపు వెళ్తే నేల మీద దృష్టి పెట్టాలి. చీమకుర్తి గ్రానైట్ పక్కనే దొరుకుతుంది కాబట్టి మామూలు ఇళ్లలో కూడా అదే పరుస్తారు. గ్రానైట్ యాసిడ్‌ను చాలావరకు తట్టుకుంటుంది. పాలరాయి తట్టుకోదు, పడిన చోటల్లా పొంగి మెరుపు పోతుంది. గచ్చు టైల్స్ అయితే పైన బాగానే కనబడతాయి, సందుల్లోని సిమెంటును మాత్రం యాసిడ్ కొద్దికొద్దిగా తినేస్తుంది. ఏడాదికి ఆ సందుల్లో నల్లటి మురికి చేరితే తప్పు తుడిచే మనిషి మీదికి పోతుంది. రెండు రాళ్లకూ ఒకే డబ్బా ఇచ్చిన మనిషి గురించి ఎవరూ అడగరు.

ఆ డబ్బాల సంగతి నేను తేలిగ్గా రాయలేను. సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తలో ఒక ఆస్పత్రిలో మరుగుదొడ్డి మరకలు పోవడం లేదని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆయమ్మ ముందు యాసిడ్ పోసింది, అది పని చేయలేదని బ్లీచింగ్ పౌడర్ చల్లింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు దగ్గరకు వేసుకుని ఉంది. దగ్గుతూ, కళ్లు కనబడక గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ఆస్పత్రిలోనే ఉంది కనుక వెంటనే ఆక్సిజన్ పెట్టారు, బతికింది. రెండు డబ్బాలూ ఆమె చేతికిచ్చింది నేనే. రెండూ కలపకూడదని నాకూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఏ భవనంలో అడుగుపెట్టినా నేను మొదట చూసేది మందులు దాచే గది. యాసిడ్, బ్లీచింగ్ ఒకే అరలో ఉంటే మిగతా తనిఖీ ఆపి ముందు వాటిని విడదీయిస్తాను.

ఆ గదిలో ఇంకా చాలా కనబడుతుంది. క్రిములను చంపే బ్లీచింగ్ ద్రవం, అంటే సోడియం హైపోక్లోరైట్ క్యాన్లను మెట్ల పైన రేకుల గదిలో పెడతారు. మన రోహిణి కార్తె ఎండలకు, వెలుతురుకు దాని బలం తగ్గిపోతుంది. సీసా మీద 5 శాతమని రాసి ఉన్నా లోపల అంత ఉండకపోవచ్చు. ఇక కలిపే లెక్క. రక్తం పడిన చోట వాడటానికి 1 శాతం ద్రావణం కావాలంటే 5 శాతం మందు లీటరుకు 4 లీటర్ల నీళ్లు కలపాలి, 10 శాతం మందైతే 9 లీటర్లు. కంపెనీ మారిందని స్టోర్లో ఎవరూ చెప్పకపోతే పాత లెక్కనే కలుపుతారు, అప్పుడు ఒకరోజు బలం సగమవుతుంది, ఇంకోరోజు రెట్టింపవుతుంది. పైగా మురికి ఉండగానే ఈ క్లోరిన్ మందు పోస్తే అది మురికితోనే ఖర్చయిపోతుంది. ముందు తుడిచి, తర్వాత పోసి, కాసేపు అలా వదలాలి. ఆ వదలడం మన వాళ్లకు రాదు. పోయడం, వెంటనే తుడిచేయడం, అంతే. "కొలిచి పోసేదానికి మాకు గ్లాసు యాడిచ్చినారు సార్?" అని ఒక ఆయమ్మ నన్ను అడిగింది. ఆ ప్రశ్న ఆ ఏడాది నేను రాసిన ప్రతి రిపోర్టులో మొదటి పేజీకి వచ్చింది.

యజమానులు సలహాదారుణ్ని పిలిచేటప్పుడు చాలాసార్లు పైకి చెప్పని కోరిక ఒకటుంటుంది. మనుషుల్ని తగ్గించమని. కొత్తగా వచ్చేవాళ్లు జారిపోయేది ఇక్కడే. మందుల ఖర్చులో దుబారా ఉంటే చూపించాలి, తప్పకుండా. నేల మందు లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్లని డబ్బా మీద ఉంటే 10 లీటర్ల బకెట్‌కు 200 సరిపోతుంది. అంచనా మీద 500 పోస్తే డబ్బు పోవడం ఒక్కటే కాదు, నేల బంకబంకగా తయారై మురికిని ఇంకా లాగుతుంది. ఇలాంటివి సరిచేస్తే నా ఫీజు ఆ మిగులులోనే వచ్చేస్తుంది. మనుషుల లెక్క వేరు. దానికి గడియారం పట్టుకుని వెంట నడవాలి. ఒక అంతస్తు తుడవడానికి 50 నిమిషాలు పట్టిందనుకుందాం. రోజుకు మూడుసార్లు, నాలుగు అంతస్తులు. 600 నిమిషాలు, అంటే 10 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీలో నీళ్లు మోయడం, మాప్ ఉతకడం, తిండి, కాస్త కూర్చోవడం పోగా పని జరిగేది ఆరున్నర గంటలు. నేలకే ఇద్దరు కావాలి. మరుగుదొడ్లు, చెత్త, పడకలు ఇందులో లేవు. ఒకామెను పెట్టి ఎందుకు శుభ్రంగా లేదని అడుగుతున్న యజమాని ముందు ఈ లెక్క పెట్టడానికి ధైర్యం కావాలి. నేను పెట్టిన రెండు చోట్ల ఒకరు నన్ను మళ్లీ పిలవలేదు. ఇంకొకరు ఇద్దరిని కొత్తగా తీసుకున్నారు.

ఇంకో జారుడు మెట్టు కమీషన్. నువ్వు మా మందు రాయి, నెలనెలా ఇంత ఇస్తామని డీలర్లు వస్తారు. మొదటి ఏడాది చేతిలో డబ్బు ఉండదు, ఆ మాట తియ్యగానే ఉంటుంది. ఒకసారి తీసుకుంటే ఆ తర్వాత మన రిపోర్టులో ప్రతి లోపానికీ మందు అదే డబ్బా అవుతుంది, చదివేవాడికి అది తెలిసిపోతుంది. మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టు కూడా ఈ పనితో కలపకూడదని నా అభిప్రాయం. మనుషులు పదిమంది అయితే ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా), ఇరవై మంది అయితే పీఎఫ్ బాధ్యతలు మొదలవుతాయి. అవి గౌరవంగా చేయదగ్గ పనులే. కానీ మన మనుషులు తుడిచిన నేలను మనమే తనిఖీ చేసి మార్కులు వేసుకోవడం ఎలా కుదురుతుంది?

ఎక్కడ మొదలుపెట్టాలంటే చిన్న, మధ్య తరహా ఆస్పత్రుల దగ్గర. అక్కడ కొలబద్దలు ముందే ఉన్నాయి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అంటూ ఏది ఎందులో వేయాలో చెప్పాయి. 2015 మేలో కేంద్ర ఆరోగ్య శాఖ మొదలుపెట్టిన కాయకల్ప అనే శుభ్రత పథకం ప్రభుత్వ ఆస్పత్రుల కోసమే అయినా, అందులోని మూడు బకెట్ల పద్ధతి (సబ్బు నీళ్లు, మామూలు నీళ్లు, క్రిములను చంపే మందు విడివిడిగా), తనిఖీ పట్టికలు ప్రైవేటు వాళ్లకూ పనికొస్తాయి. ఆస్పత్రుల నాణ్యతను చూసి ఎన్‌ఏబీహెచ్ ఇచ్చే గుర్తింపు కోసం ప్రయత్నించే ఆస్పత్రికి ఇలాంటి మనిషి అవసరం తప్పదు. హోటళ్లకు, మెస్సులకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ శుభ్రత నియమాలు, అంటే షెడ్యూల్ 4 ఉంది. తీరం వెంట రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఎన్ని ఉన్నా కొత్తవాళ్లు అటు మొదటే వెళ్లవద్దంటాను. ఎగుమతి చేసేవాళ్లకు సొంత క్వాలిటీ విభాగం ఉంటుంది, హ్యాసప్ (ఆహారంలో ప్రమాదాలను ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి) రికార్డులు ఉంటాయి, వాళ్ల ముందు అరకొర జ్ఞానం నిలబడదు. కల్యాణ మండపాలు, అపార్ట్‌మెంట్లు తర్వాతి సంగతి.

అపార్ట్‌మెంట్లంటే సెప్టిక్ ట్యాంకు గుర్తొస్తుంది. "ఎవరినన్నా దింపి తీయించండి" అని అసోసియేషన్ వాళ్లు మామూలుగా అడుగుతారు, అందులో తప్పేమీ లేనట్టు. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా అలా దింపడాన్ని 2013 నాటి పాకీ పని నిషేధ చట్టం నిషేధించింది. ట్యాంకులో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, కిందే నిలుస్తుంది. ఎక్కువ మోతాదులో ముక్కు దాని వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది. దిగిన మనిషికి ప్రమాదం తెలిసేలోపే పడిపోతాడు, కాపాడబోయి దిగిన రెండోవాడూ పడిపోతాడు. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 2014లో 10 లక్షలు ఇవ్వాలన్న సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. యంత్రం రాకపోతే పని ఆగుతుందని అక్కడికక్కడ చెప్పలేనివాడు ఈ వృత్తిలోకి రాకపోవడమే మంచిది.

దీని వెనుక ఇంకో నిజం ఉంది. నెల్లూరులో ఈ చాకిరీ దళితులు, యానాదులు తరాలుగా చేస్తూ వచ్చారు. ఇప్పుడు అదే పనికి సలహా అనే పేరు పెట్టి, చొక్కా మడత నలగనివాళ్లు వచ్చి ఫీజు తీసుకుంటుంటే, ఆ చొక్కా ఎవరిదన్న ప్రశ్న నన్ను వదలదు. ముప్పై ఏళ్లు నేల తుడిచిన మనిషికి ఏ మూల నీళ్లు నిలుస్తాయో, ఏ వార్డులో ఏ వేళ వాసన వస్తుందో తెలుసు. ఆ జ్ఞానానికి డబ్బు వచ్చేది మాత్రం దాన్ని రాసిపెట్టిన మనిషికి. అందుకే సూపర్‌వైజర్లు, ఆయమ్మల పిల్లలు ఈ వైపు రావాలని నేను పట్టుబడతాను. రిపోర్టు తెలుగులో రాయమంటాను. గోడమీద అంటించే సూచనలు బొమ్మలతో, రంగులతో ఉండాలంటాను. మరుగుదొడ్డికి ఎర్ర మాప్, వంటగదికి ఆకుపచ్చ అని ఒకసారి చూపిస్తే చదువుతో పనిలేదు.

కాగితాల పని గురించి భయపడేవాళ్లు ఎక్కువ కానీ అందులో పెద్దగా ఏమీ లేదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. ఫీజును రోజుల లెక్కన చెప్పాలి. తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి చూడటానికి మూడు రోజులు, రాయడానికి రెండు, నేర్పించడానికి ఒకటి, నెల తర్వాత మళ్లీ వచ్చి చూడటానికి ఒకటి. ఆ చివరి రోజును ముందే రాతపూర్వకంగా పెట్టాలి. సర్టిఫికెట్లు కావాలంటే బ్రిటిష్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్లీనింగ్ సైన్స్, శుభ్రత రంగపు అంతర్జాతీయ సంఘం ఇస్సా లాంటి సంస్థలు ఉన్నాయి. ఒకటి రెండేళ్లు పని చేశాక తీసుకుంటేనే వాటిలో రాసింది అర్థమవుతుంది.

కావలి ఆమెకు ఫోన్‌లో ఒకటే చెప్పాను. నీ నర్సింగ్ హోమ్‌లో ఒక్క అంతస్తు తీసుకో అమ్మా, వారం రోజులు రాయి. ఎన్ని నిమిషాలు, ఎంత మందు, ఎన్ని బకెట్లు. ఎనిమిదో రోజున గీతల నోట్‌బుక్ పేజీలు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపింది. రంగు పెన్నులతో గళ్లు గీసింది. నేను అడగనిది ఒకటి కూడా చివరి గడిలో ఉంది: ఏ రోజు ఏ ఆయమ్మ చేతికి గ్లౌజులు లేవో. ఏడు రోజుల్లో ఐదు రోజులు అక్కడ టిక్కు పడి ఉంది. ఆ పేజీని ఆమె పేరుతోనే వాళ్ల యజమాని ముందు పెట్టమన్నాను. వచ్చే సోమవారం కావలి వెళ్తున్నాను, మాట్లాడేది ఆమె, పక్కన కూర్చునేది నేను.