‘అంతా గ్రాఫిక్సే’ అనేవాళ్ళకు

కొన్నాళ్ళుగా వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో ఒక మాట తెగ తిరుగుతోంది. ఇప్పుడు ఫైట్లన్నీ గ్రాఫిక్స్, రోపులేనట. హీరోలు డూప్ లేకుండా చేసేస్తున్నారట. ఫైట్ మాస్టర్ పని నాలుగు తన్నులు చూపించడమేనట. అయినా రిస్క్ అని తెలిసే ఈ పనికి వస్తారు, డబ్బులు తీసుకుంటారు కదా అని చివర్లో ఒక ముక్క. చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటోంది. అందుకే ఒక్కోదానికీ జవాబు రాస్తున్నాను.

ముందు గ్రాఫిక్స్ సంగతి. ఇందులో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఒకప్పుడు మనిషిని గాల్లో వేలాడదీసే తాడు కెమెరాకు చిక్కకూడదని సన్నటి తీగలతో నెట్టుకొచ్చేవారు. ఇప్పుడు కంప్యూటర్లో చెరిపేసే వీలుంది కాబట్టి లావుపాటివి, ఒకటికి రెండు కట్టుకోవచ్చు. ఆ మేరకు మేలే. కానీ చెరిపేది తాడు బొమ్మనే. దానికి వేలాడే ఒళ్ళు, ఆ ఒంటి బరువు, కింద నేల అన్నీ నిజమైనవే. 2009 జనవరిలో లండన్ దగ్గర లీవ్స్‌డెన్ స్టూడియోలో హ్యారీ పాటర్ సినిమాకు రిహార్సల్ జరుగుతోంది. డేనియల్ రాడ్‌క్లిఫ్‌కు ఏళ్ళ తరబడి డూప్‌గా చేసిన డేవిడ్ హోమ్స్‌ను తాళ్ళతో విసురుగా వెనక్కి లాగారు. వెళ్ళి గోడకు కొట్టుకున్నాడు, మెడ విరిగింది. ఛాతీ నుంచి కిందికి చచ్చుబడిపోయి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. ఆ సినిమాకు గ్రాఫిక్స్ కొదవా, డబ్బు కొదవా? మన పక్కనే చూడండి. 2022 డిసెంబరులో చెన్నై శివార్లలో ‘విడుతలై’ అనే తమిళ సినిమా షూటింగ్‌లో తాడు తెగి సురేష్ అనే ఫైటర్ చనిపోయాడు. 2024 జూలైలో ‘సర్దార్ 2’ అనే ఇంకో తమిళ సినిమా సెట్లో ఏళుమలై అనే ఫైటర్ 20 అడుగుల ఎత్తు నుంచి పడి చనిపోయాడు. 2025 జూలై 13న నాగపట్నం దగ్గర మోహన్ రాజ్ అనే ఫైటర్ నడిపిన కారు ర్యాంప్ (ఏటవాలు బల్ల) ఎక్కి గాల్లోనే తిరగబడి, ముందు భాగం నేలకు గుద్దుకుని పడింది, అతను చనిపోయాడు. ఆ వీడియో చాలామంది చూసే ఉంటారు. ఆ కారులో స్టీరింగ్ పట్టుకున్నది మనిషి.

హీరోలే చేస్తున్నారన్నది రెండోది. కొందరు చేస్తారు, కాదనను. టామ్ క్రూజ్ 2017లో లండన్‌లో ఒక భవనం మీద నుంచి ఇంకోదాని మీదికి దూకుతూ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. షూటింగ్ వారాల పాటు ఆగిపోయింది. హీరోకు చిన్న దెబ్బ తగిలినా వందల మంది పని ఆగుతుంది, డూప్‌ను పెట్టేదే అందుకు. పైగా హీరో స్వయంగా దూకాడంటే అంతకు ముందు అదే దూకుడును ఫైటర్లు ఎన్నోసార్లు దూకి చూసి, తాడు ఎంత పొడవుండాలో, అడుగు ఎక్కడ పడాలో సరిచేసి పెట్టారని అర్థం. ‘షోలే’లో టాంగా (గుర్రపు బండి) ఛేజ్‌లో హేమమాలినికి డూప్‌గా చేసి దెబ్బలు తిన్న రేష్మా పఠాన్ పేరు ఎంతమందికి తెలుసు? ఆడ ఫైటర్లకు ఇంకో కష్టం కూడా ఉంది. మగవాళ్ళు ఫుల్ హ్యాండ్స్ చొక్కా కింద మోచేతి ప్యాడ్ దాచుకుంటారు, పొట్టి చేతుల జాకెట్టు వేసుకున్న అమ్మాయి ఎక్కడ దాచుకుంటుంది?

నాలుగు తన్నులు చూపించడమా! ఒక్క గుద్దు తీసుకోండి. కొట్టేవాడి పిడికిలి చెంపకు జానెడు దూరంలో వెళ్ళిపోతుంది. కెమెరా ఇద్దరిలో ఒకరి వెనక, భుజం పక్కన ఉంటుంది కాబట్టి ఆ దూరం మనకు తెలియదు. అసలు పని దెబ్బ తిన్నట్టు నటించేవాడిది. పిడికిలి దాటే క్షణంలో తల తిప్పాలి, నడుము విరవాలి, బల్ల మీదికి పడాలి, పడేటప్పుడు గడ్డం గుండెకు ఆనించుకోవాలి. లేకపోతే తల వెనక భాగం నేలకు తగులుతుంది. ఒక్క క్షణం ముందు తిప్పితే జనం నవ్వుతారు, ఒక్క క్షణం ఆలస్యమైతే దవడ పోతుంది. ఇలాంటివి వందల కొద్దీ పేర్చి, నలభై యాభై మందికి టైమింగ్ నేర్పి, కారు ఏ వేగంతో ర్యాంప్ ఎక్కితే ఎక్కడ పడుతుందో లెక్క వేసుకుని, పక్కన అంబులెన్స్ ఉందో లేదో చూసుకుని యాక్షన్ చెప్పిస్తాడు మాస్టర్. మన రామ్-లక్ష్మణ్‌లు కారంచేడు నుంచి వచ్చి ఫైటర్లుగా మొదలుపెట్టి మాస్టర్లయ్యారు. మ్యాట్రిక్స్‌లో కీను రీవ్స్‌కు డూప్‌గా చేసిన చాడ్ స్టాహెల్‌స్కీ తర్వాత అదే హీరోతో ‘జాన్ విక్’ తీశాడు. ఏమీ తెలియనివాళ్ళు ఇంత దూరం రాగలరా?

ఇదొక కళేనని ప్రభుత్వం కూడా ఆలస్యంగానే గుర్తించింది. 2016 సినిమాలకు ఇచ్చిన జాతీయ అవార్డుల్లో ‘పులిమురుగన్’ అనే మలయాళ సినిమాకు ఫైట్ మాస్టర్ పీటర్ హెయిన్ తొలి యాక్షన్ అవార్డు అందుకున్నాడు. తర్వాత ‘బాహుబలి 2’, ‘ఆర్ఆర్ఆర్’, ‘హనుమాన్’ ఫైట్లకూ వచ్చింది. ఆస్కార్ వాళ్ళు 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి ఫైట్లకు అవార్డు ఇస్తామన్నారు.

ఇక తెలిసే వస్తారు కదా అన్న మాట. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. గనిలోకి దిగేవాడికి, కరెంటు స్తంభం ఎక్కేవాడికి కూడా తెలుసు. తెలుసు కాబట్టి వాళ్ళ ప్రాణానికి పూచీ ఉండక్కర్లేదా? మోహన్ రాజ్ పోయాక, అక్షయ్ కుమార్ సుమారు 650 మంది ఫైటర్లకు బీమా కట్టించాడని వార్త వచ్చింది. ఆయనకు దండం పెట్టాలి. కానీ అది ఒక నటుడి మంచితనం మీద నడవాల్సిన పనా? ప్రతి సినిమా బడ్జెట్‌లో మొదటి పద్దుగా ఉండాల్సింది కాదా?

2016 నవంబరు 7న బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి చెరువు మీద ‘మాస్తి గుడి’ అనే కన్నడ సినిమా క్లైమాక్స్ తీస్తున్నారు. హీరోతో పాటు, విలన్లుగా వేసిన అనిల్, ఉదయ్ హెలికాప్టర్ నుంచి నీళ్ళలోకి దూకాలి. షాట్‌కు ముందు అనిల్, ఉదయ్ టీవీ కెమెరాలతో మాట్లాడారు. ఈత అంతంత మాత్రమేనని, ఎత్తంటే భయమని చెప్పారు. వాళ్ళకు లైఫ్ జాకెట్లు లేవు. ఫైట్ మాస్టర్ అనేవాడు ఉండేదే ఇలాంటప్పుడు ‘ఆపండి, ఈ షాట్ ఇవాళ వద్దు’ అనడానికి. ఆ మాట ఆ రోజు ఎవరూ అనలేదు. ముగ్గురూ దూకారు. హీరో ఒడ్డుకు చేరాడు, వాళ్ళిద్దరూ రాలేదు.