ఆరింటి కచేరీ నాలుగింటికే తేలిపోతుంది

విశాఖలో సాయంత్రం ఆరింటి కచేరీ బాగుంటుందా, చెడుతుందా అన్నది మధ్యాహ్నం నాలుగింటికే తేలిపోతుంది. కళాకారుల స్థాయి, నిర్వాహకుల దగ్గరున్న డబ్బు ముఖ్యం కావని కాదు. కానీ ఇక్కడ కార్యక్రమాలు ఎక్కువగా దెబ్బతినేది వాటి వల్ల కాదు, తెర లేవకముందు ఉండే రెండు గంటలకు ఎవరూ పూచీ పడకపోవడం వల్ల. ఫ్లెక్సీకి ఒక మనిషి ఉంటాడు, శాలువాలకు ఒకరుంటారు, టిఫిన్లకు ఇద్దరుంటారు. వేదిక మీద శ్రుతికి, నేలకు, మైకుకు మాత్రం ఎవరూ ఉండరు.

మృదంగం సంగతే చూడండి. సముద్రపు తేమకు చర్మం నీరు పీల్చి సడలుతుంది, శ్రుతి దిగుతుంది. అదే మృదంగాన్ని ఏసీ హాల్లో పెడితే చర్మం ఆరి బిగుసుకుంటుంది, శ్రుతి ఎక్కుతుంది. అందుకే విద్వాంసుడు కుడివైపు వలంతల అంచు మీద రాయితో, కర్రముక్కతో తట్టి సరిచేస్తాడు. అంచును పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతుంది, కింది నుంచి ఎగదన్నితే తగ్గుతుంది. ఎడమవైపు తొప్పికి బొంబాయి రవ్వ ముద్ద అద్దుతాడు, గుమికి, అంటే ఆ లోతైన మంద్రనాదానికి, కావలసిన బరువు దాని నుంచే వస్తుంది. ఇదంతా హాలు చల్లబడ్డాక జరగాల్సిన పని. కరెంటు బిల్లుకు జంకి జనం వచ్చాక, ఆరింటికి పది నిమిషాల ముందు ఏసీ వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అప్పుడేమవుతుంది? గ్రీన్‌రూమ్ వేడిలో కలిపిన శ్రుతి, కచేరీ మొదట పాడే వర్ణం అయ్యేసరికి ఎక్కిపోతుంది. మొదటి అరగంట ప్రతి కీర్తనకూ మధ్య రాయి చప్పుడే. ఏసీ నాలుగున్నరకే వేసి, వాద్యాలను అయిదింటికల్లా వేదిక మీద పెట్టించాలి. ఏసీ గాలి నేరుగా మృదంగం మీద పడకుండా చూసుకోవాలి. వయొలిన్‌కూ ఇదే తంటా. గాలి పొడిబారితే బిరడాలు వదులై జారతాయి, తేమ ఎక్కితే ఉబ్బి తిరగవు.

ఇంకో చిన్న విషయం ముందే ఫోన్లో తేలిపోవాలి. గాయకుడి శ్రుతి ఎంత? హార్మోనియం మెట్ల లెక్కలో మగవారు ఒకటి, ఒకటిన్నరలో పాడితే, ఆడవారు అయిదు, అయిదున్నరలో పాడతారు. రెంటికీ ఒకే మృదంగం పనికిరాదు, తగ్గు శ్రుతికి పెద్దది కావాలి. ఒకే సాయంత్రం కచేరీ, ఆ వెంటనే నృత్యం పెట్టుకుని ఈ మాట చెప్పకపోతే వాద్యకారుడు ఒక్క మృదంగంతోనే దిగుతాడు. మృదంగం వాయించేవారిది ఎడమచేతి వాటం అయితే మరో మార్పు. వలంతల ప్రేక్షకుల వైపు ఉండాలి కాబట్టి కుడిచేతి వాటం వారు గాయకుడికి కుడిపక్కన కూర్చుంటారు, ఎడమచేతి వాటం వారు వయొలిన్‌తో చోటు మార్చుకుంటారు. ఇది చివరి నిమిషంలో తెలిస్తే మైకు తీగలన్నీ మళ్లీ లాగాలి.

మైకుల లెక్క పెద్దదేమీ కాదు. కచేరీకి గాత్రానికి ఒకటి, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి రెండు, ఘటం ఉంటే ఇంకొకటి. కూచిపూడికి నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పేవారు), గాత్రం, మృదంగానికి రెండు, వయొలిన్, వేణువు కలిపి ఆరు. అసలు గొడవ మోనిటర్లతో, అంటే కళాకారులకు తమ పాట తమకు వినబడేలా వేదిక మీద పెట్టే స్పీకర్లతో, వస్తుంది. గాయకుడు చెయ్యెత్తి ‘కొంచెం పెంచండి’ అంటే తన ముందున్న మోనిటర్ పెంచమని. పెళ్లిళ్లకు, బహిరంగ సభలకు అలవాటైన ఆపరేటర్ హాలు సౌండ్ పెంచుతాడు. గాయకుడికి ఇంకా వినబడదు, మళ్లీ చెయ్యెత్తుతాడు. మూడోసారికి మైకు కీచుమంటుంది, ముందు వరుస చెవులు మూసుకుంటుంది. వ్యాఖ్యాత గొంతుకు పెట్టిన ఎకో తీయడం మరిచిపోతే ఆలాపన అంతా గుహలోంచి వచ్చినట్టుంటుంది. దీనికి మందు అరగంట సౌండ్ చెక్, అదీ పాడేవారు, వాయించేవారు అందరూ కూర్చున్నాక. ‘హలో, మైక్ టెస్టింగ్’ సౌండ్ చెక్ కాదు.

నృత్యానికి వచ్చేసరికి సమస్య పాదాల కింద ఉంటుంది. చాలా వేదికలకు గ్రానైటో, సిమెంటో వేసి పైన తివాచీ పరుస్తారు. కంటికి బాగుంటుంది. దాని మీద గంటసేపు అడుగు కొడితే దెబ్బ నేల పీల్చదు, మడమ నుంచి మోకాలికి, అక్కడి నుంచి నడుముకు ఎక్కుతుంది. పిల్లల విషయంలో ఇది ఇంకా చెడ్డ పని. తివాచీ మడత బొటనవేలికి తగులుకుంటుంది. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచును కాలివేళ్లతో పట్టి నర్తకి కదలాలంటే కింద నున్నగా, గట్టిగా ఉండాలి. తివాచీ మీద పళ్లెం మొరాయిస్తుంది. అక్కడ తూలితే ప్రేక్షకులు నర్తకిదే తప్పనుకుంటారు. 32 అడుగుల వెడల్పు, 24 అడుగుల లోతు వేదికకు 8×4 ప్లైవుడ్ పలకలు 24 సరిపోతాయి. అడుగూ అడుగున్నర ఎడంతో చెక్క పట్టీలు, వాటి కింద రబ్బరు ముక్కలు, పైన 19 మిల్లీమీటర్ల ప్లై, కీళ్ల దగ్గర టేపు. ఒకసారి చేయించి పెట్టుకుంటే ఏళ్లు వస్తుంది.

ఆ నేల మీదే జ్యోతి ప్రజ్వలన చేస్తారు. కుందిలో నూనె నిండుగా పోస్తారు, అయిదుగురు అతిథులు అయిదు వత్తులు వెలిగిస్తారు, రెండు చుక్కలు కింద పడతాయి, పూలరేకులు రాలతాయి. పది నిమిషాలకు అదే చోట అడుగు పడుతుంది, కాలు జర్రుమంటుంది. కుందిని వేదిక మూలకు జరిపి కింద వెడల్పాటి పళ్లెం పెట్టి, కార్యక్రమానికి ముందు పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. ఇంత చిన్న పని ఎవరి జాబితాలోనూ ఉండదు.

దీపాల విషయంలో ఒక్క మాట. వెనక ఎల్‌ఈడీ తెర మీద కదిలే గోపురాలు, స్పాన్సర్ల పేర్లు వెలుగుతుంటే నర్తకి ముఖం నీడైపోతుంది. అభినయం కళ్లలో ఉంటుంది, కళ్లే కనబడకపోతే ఇంక చూసేదేమిటి? నల్లతెర, ముందు రెండు వైపుల నుంచి ముఖం మీద పడే లేత పసుపు వెలుగు చాలు. రంగులు వాటంతటవే మారే ఆటో మోడ్‌ను కట్టేయించాలి.

ఇక సన్మానం. ముఖ్య అతిథి అరగంట ఆలస్యం, సభ నలభై నిమిషాలు. హాలు ఎనిమిదిన్నరకు ఖాళీ చేయాలి. ఎక్కడో కోత పడాలి కదా. ఆ కోత ఎప్పుడూ నిదానమైన వాటికే పడుతుంది. కచేరీలో ఒకే రాగాన్ని తీరిగ్గా విస్తరించే రాగం-తానం-పల్లవి ఎగిరిపోతుంది, మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం అయిదు నిమిషాలకు కుదించుకుపోతుంది. నృత్యంలో నిదానంగా అభినయించే క్షేత్రయ్య పదం పోయి, వేగంగా అడుగులు వేసే తిల్లానా మిగులుతుంది. చప్పట్లు పడే అంశాలే ఉంటాయి కాబట్టి నష్టం బయటికి కనబడదు. ఏళ్ల తరబడి ఇలా జరిగితే పదం ఎలా చూడాలో తెలియని ప్రేక్షకులు తయారవుతారు, వారి కోసమని పదాన్ని ముందే తీసేస్తారు. కచేరీ మధ్యలో సన్మానం పెడితే ఇంకా దారుణం. తొప్పి మీద రవ్వ ఎండిపోతుంది, గొంతు, ఒళ్లు చల్లబడతాయి. శాలువా కప్పాలంటే మంగళం తర్వాత కప్పవచ్చు.

ప్రసంగాల దగ్గర తప్పు ఎక్కువగా ఫాంట్లది. యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో చేసిన తెలుగు స్లైడ్లు హాలు కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి, పద్యం ఉన్నచోట ఇంగ్లీషు అక్షరాల గుంపు ప్రత్యక్షమవుతుంది. ముందే పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెమ్మనాలి. రికార్డింగ్ పాటలకు నృత్యం చేసే బృందాలకూ ఇదే మాట. ఫోన్లోంచి పాట వేస్తే నడుమ ఎవరిదో కాల్ వస్తుంది.

ఈ ప్రాంతానికి వినడం నేర్పాల్సిన పనిలేదు. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. వయొలిన్‌ను పక్కవాద్యం స్థానం నుంచి సోలో కచేరీకి ఎక్కించిన ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే పాఠం చెప్పారు. అక్కడ చదువుకున్న గాయకుడు నేదునూరి కృష్ణమూర్తి చివరి రోజులు విశాఖలోనే గడిపారు. పిఠాపురం కాలనీలో కళాభారతి, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉన్నాయి. హాళ్లకు కొదవలేదు, చెవులకూ కొదవలేదు.

చిక్కంతా ‘ప్రవేశం ఉచితం’ దగ్గరుంది. ఉచితం అన్నాక నిర్వాహకుడు జవాబు చెప్పాల్సింది స్పాన్సర్‌కు, ముఖ్య అతిథికి. కుర్చీలో కూర్చున్న మనిషికి కాదు. సంగీత, నృత్య ప్రదర్శనల టికెట్ 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ లేదు, శాస్త్రీయ కళాకారుడి పారితోషికం 1.5 లక్షలు దాటకపోయినా లేదు. కాబట్టి పన్ను సాకు చెల్లదు. రెండు వందల మంది వంద చొప్పున ఇస్తే 20,000. కోటీశ్వరులం కాలేము గానీ, సౌండ్ ఆపరేటర్‌ను ఆరింటికి బదులు నాలుగింటికి రప్పించవచ్చు, ఏసీ గంటన్నర ముందు వేయించవచ్చు. టికెట్ మీద ఆరు అని అచ్చయ్యాక ఆరింటికి మొదలుపెట్టక తప్పదు. ముఖ్య అతిథి వచ్చేసరికి వర్ణం అయిపోయి ఉంటే, తలుపు దగ్గర ఖాళీ కుర్చీలో కూర్చుని రెండో కీర్తన వింటారు.