సవరణ: గ్రీన్ కార్డు బిల్లు చట్టం కాలేదు

"దేశానికి 7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లును అమెరికాలో రెండు సభలూ ఆమోదించాయి" అని మొన్నటి పోస్టులో ఉంది. (ఉద్యోగం మీద ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంవాళ్లకూ మామూలుగా 7 శాతం మించి ఇవ్వకూడదన్నదే ఆ పరిమితి.) అది చూసి కావలి, ఒంగోలు నుంచి "అయితే మావాడికి కార్డు ఎప్పుడొస్తుంది?" అని అడుగుతున్నారు. అది చట్టం కాలేదు. ప్రతినిధుల సభ 2019 జులైలో 365-65 ఓట్లతో పాస్ చేసింది. సెనేట్ 2020 డిసెంబర్‌లో మార్పులు చేసి పాస్ చేసింది. ఆ రెండు రూపాలనూ ఒకటి చేసేలోపు అప్పటి అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) గడువు ముగిసింది, బిల్లూ పోయింది. (పెళ్లి చూపుల్లో దయచేసి ఆ పోస్టు చూపించకండి.)

పరిమితి పోయినా ఉద్యోగ కోటా ఏడాదికి సుమారు 1,40,000 కార్డులే. అందులోనే భార్యాపిల్లలనూ లెక్కేస్తారు. మన క్యూ కొంత తగ్గి, వేరే దేశాలవాళ్లది పెరుగుతుంది, అంతే. కుటుంబాన్ని ఆ లెక్క నుంచి తప్పించడమే ముందు జరగాలని నా అభిప్రాయం.