ఎలుక బతికింది, ఇల్లే కాలింది

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. టి.నగర్ బాబాయ్ పంపాడు, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి వడపళనిలో ఉండే మా అక్క కూడా "చేసేయమంటావా?" అని ఫార్వర్డ్ చేసింది. చెన్నైలో పాత తెలుగు పాటలు పోగేసుకునే ఇళ్లన్నిటికీ చేరినట్టుంది. అందులో ఉన్నది ఇదీ: "మీ పాటల ఫోల్డర్లలో కంటికి కనపడని బొమ్మల ఫైళ్లు దాక్కుని ఉన్నాయి. అవి వైరస్. జీబీలకు జీబీలు తింటాయి, పాట క్వాలిటీ పాడుచేస్తాయి. కింది కమాండ్ కొట్టి తీసేయండి. ఫోన్‌లో అయితే నోమీడియా ఫైలు పెట్టండి. బొమ్మ కావాలంటే పాటలోనే పెట్టుకోండి."

క్వాలిటీ సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. పక్కన బొమ్మ ఉన్నంత మాత్రాన ఘంటసాల గొంతు బొంగురుపోదు.

జీబీల లెక్క చూడండి. ఆ దాక్కున్నవి కంప్యూటర్‌లో పాటలు పాడించే విండోస్ మీడియా ప్లేయర్ పెట్టిన ఆల్బమ్ అట్ట బొమ్మలు. వాటిలో పెద్దది 200×200 పిక్సెళ్లు, చిన్నది 75×75. ఆల్బమ్‌కి నాలుగు ఫైళ్లున్నా అన్నీ కలిపి 50 కేబీ దాటడం అరుదు. 500 ఆల్బమ్‌లున్న ఇంట్లోనూ 25 ఎంబీకి అటూ ఇటూ. బాబాయ్ పంపే గుడ్ మార్నింగ్ వీడియోలు రెండు తీసేస్తే అంతకంటే ఎక్కువే ఖాళీ అవుతుంది.

వైరస్ అన్న భయం మాత్రం ఊరికే పుట్టలేదు. జిరాక్స్ షాపులో ప్రింటుకిచ్చి తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ మాయమై, వాటి పేర్లతో షార్ట్‌కట్లు కనిపించిన రోజులు అందరికీ గుర్తే. అప్పటినుంచి దాక్కున్న ఫైలు ఏది కనిపించినా అనుమానమే. పైగా వీటి పేర్లు ఆల్బమ్‌ఆర్ట్ అని మొదలై, వంకర బ్రాకెట్ల మధ్య పొడుగాటి అంకెలూ అక్షరాలతో నిజంగానే దొంగ వాలకంలో ఉంటాయి. అది ఒక్కో ఆల్బమ్‌కి ప్లేయర్ ఇచ్చుకున్న గుర్తింపు నంబరు. మీరు సీడీ ఎక్కించినప్పుడో, పాటల వివరాలు నెట్ నుంచి తెచ్చుకున్నప్పుడో అట్ట బొమ్మను కూడా తెచ్చి అక్కడ దాచిపెట్టింది, అంతే.

ఇక అసలు విషయం, ఆ కమాండ్. "డి డ్రైవ్‌లోకి వెళ్లి డెల్, స్లాష్ ఎస్, స్లాష్ క్యూ, స్టార్ డాట్ జేపీజీ కొట్టండి" అంటున్నాడు ఆ మహానుభావుడు. డెల్ అంటే తీసేయ్. స్లాష్ ఎస్ అంటే లోపలి ఫోల్డర్లన్నిటిలోనూ. స్లాష్ క్యూ అంటే నన్ను అడక్కుండా. స్టార్ డాట్ జేపీజీ అంటే పేరేదైనా సరే, ప్రతి జేపీజీ బొమ్మా. మన ఇళ్లల్లో డి డ్రైవ్‌లో ఉండేది పాటలొక్కటేనా? తిరుపతిలో గుండు చేయించిన ఫొటోలు, అమెరికా మనవడి పుట్టినరోజు, స్కాన్ చేసి పెట్టుకున్న పట్టాదారు పాస్‌బుక్, నెల్లూరు ఇంటి గోడ మీద నుంచి తీసి కాపీ చేసిన తాతగారి ఒకే ఒక్క ఫొటో. అన్నీ పోతాయి. రీసైకిల్ బిన్‌లో వెతక్కండి, కమాండ్‌తో తీసేసినవి అటువైపు పోవు.

అక్కడితో అయిపోలేదు. దాచిన ఫైళ్లను డెల్ కమాండ్ తనంతట తాను ముట్టుకోదు. వాటినీ తీయాలంటే స్లాష్ ఏ అని విడిగా చెప్పాలి. మెసేజ్‌లో ఆ ముక్క లేదు. అంటే కంటికి కనిపించే మీ ఫొటోలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, ఏవి తీయాలని కూర్చున్నారో ఆ దాక్కున్న బొమ్మలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి! ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకున్నవాడికి కనీసం ఎలుకల పీడైనా పోయింది. పంపేముందు ఒక్కడంటే ఒక్కడైనా తన కంప్యూటర్‌లో కొట్టి చూశాడా? చూసి ఉంటే ఫార్వర్డ్ చేసే ఓపిక మిగిలేది కాదులెండి.

ఇప్పటికే కొట్టేసినవాళ్లు ఆ డ్రైవ్‌లో కొత్తగా ఏదీ కాపీ చేయకండి, డౌన్‌లోడ్ చేయకండి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను వేరే డ్రైవ్‌లో వేసి వెతికించండి. పాత హార్డ్ డిస్క్ అయితే ఆశ ఉంది. కొత్త కంప్యూటర్లలో ఉండే ఎస్ఎస్‌డీ అయితే దొరకడం చాలా కష్టం.

నోమీడియా చిట్కా అంత ప్రమాదం కాదు, తమాషా. ఆ ఫైలు పెట్టగానే ఆండ్రాయిడ్ ఆ ఫోల్డర్‌ని, దాని లోపలి ఫోల్డర్లని తన పాటల, బొమ్మల లెక్కలోంచి తీసేస్తుంది. గ్యాలరీలో అట్ట బొమ్మలు కనపడవు, నిజమే. మ్యూజిక్ యాప్‌లో పాటలూ కనపడవు. చాలా ప్లేయర్లు ఆ లెక్క చూసే పాటల జాబితా వేసుకుంటాయి మరి. ఫైలు తీసేస్తే మళ్లీ వస్తాయి కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు.

అయితే ఆ చివరి మాట, బొమ్మను పాటలోనే పెట్టుకోమన్నది, నూటికి నూరుపాళ్లు సరైన సలహా. ఎంపీ3 ట్యాగ్‌లో, అంటే పాట ఫైల్లోనే దాని వివరాలు రాసుకునే చోట, బొమ్మకి కూడా చోటుంది. అందులో పెడితే పాట ఎక్కడికి పోతే అక్కడికి వెళ్తుంది, పక్కన విడి ఫైలు అక్కర్లేదు. ఈ బొమ్మల మీద ఆ మెసేజ్ రాసినవాడి కోపంలోనూ న్యాయముంది. ఎల్పీ రికార్డు అట్టను శ్రద్ధగా స్కాన్ చేసి ఫోల్డర్ డాట్ జేపీజీ అని పెట్టుకుంటే, దాని మీద తన 200×200 బొమ్మను రాసేసే అలవాటు మీడియా ప్లేయర్‌కుంది. ఇది చాలామంది చెప్పే ఫిర్యాదే.

దాక్కున్న ఫైళ్లన్నీ ఈ అట్ట బొమ్మలే అనుకోకండి. కారులో పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు పాట పేరు కనిపించి మోగకుండా దాటిపోయే ఫైళ్లు వేరే జాతి. మ్యాక్ (ఆపిల్ కంప్యూటర్) నుంచి పెన్‌డ్రైవ్‌కి కాపీ చేసినప్పుడు చుక్కా అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లతో వచ్చిపడతాయి. అవి బొమ్మలూ కావు, పాటలూ కావు. పెన్‌డ్రైవ్‌లోంచి తీసేసినా మీ పాటలకేమీ కాదు.

విండోస్‌లో ఆ బొమ్మలు తీసి తీరాలంటే కమాండ్ అక్కర్లేదు. ముందు మీడియా ప్లేయర్ ఆప్షన్స్‌లో లైబ్రరీ ట్యాబ్‌కి వెళ్లి, ఇంటర్నెట్ నుంచి అదనపు వివరాలు తెచ్చే టిక్ తీసేయండి, లేకపోతే మళ్లీ పుట్టుకొస్తాయి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ కనపడేలా పెట్టండి, ప్రొటెక్టెడ్ సిస్టమ్ ఫైల్స్‌ని దాచే టిక్ కూడా తీయండి. ఇవి సిస్టమ్ ఫైళ్ల ముసుగులో ఉంటాయి కాబట్టి మొదటిదొక్కటే చాలదు. అప్పుడు పాటల ఫోల్డర్‌లో, డ్రైవ్ మొత్తంలో కాదు, పాటల ఫోల్డర్‌లో మాత్రమే, ఆల్బమ్‌ఆర్ట్ అని వెతికి, వచ్చిన జాబితా కళ్లారా చూసుకుని డిలీట్ కొట్టండి. పని కాగానే ఆ రెండూ ఎప్పటిలా పెట్టేయండి. ఫోల్డర్ డాట్ జేపీజీ జోలికి మాత్రం పోకండి, చాలా ప్లేయర్లు అట్ట బొమ్మ కోసం వెతికేది దాన్నే.